ఎసట్లో పోయని బియ్యం

మా ఇంటి అటక మీద ఒక గోనెసంచి ఉంది. ఖాళీ సంచి. మడతపెట్టి, కొబ్బరితాడుతో కట్టి, పాత చేట కింద పెట్టేను. పదకొండేళ్ళయింది. నా ఇంట్లో పని లేకుండా కూర్చున్న వస్తువు ఇదొక్కటే. చిరిగిన చీర బొంతవుతుంది. బొంత చిరిగితే మసిగుడ్డవుతుంది. మసిగుడ్డ కూడా పనికిరాకపోతే పొయ్యి రాజెయ్యడానికొస్తుంది. ఆ సంచి మాత్రం అలాగే ఉంది. దాంట్లో ఏదీ పొయ్యలేను. పారెయ్యనూ లేను. ఖాళీ సంచికి ఇంత బరువేంటి? మీరు అడక్కముందే నన్ను నేను చాలాసార్లు అడిగేను.

మీరెవరో నాకు తెలీదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకి చెబుదామని మూడుసార్లు నోరు తెరిచేను. మూడుసార్లూ వాన సంగతి మాట్లాడి మూసేసేను. నా చదువు నాలుగో క్లాసు, మిషను బళ్ళో. అక్షరాలు కుదురుగా రావు. మా అబ్బాయి మాస్టారు. పిల్లల పాత పరీక్ష కాయితాలు ఇంటికి తెస్తాడు. వాటి వెనకవైపు రాస్తున్నాను. పేరు రాయను. అదీ పిరికితనమే, తెలుసు.

మాది అమలాపురం నించి రాజోలు వైపు వెళ్తుంటే కాలవ పక్కన తగిలే ఊరు. కాలవకి ఇవతల మా పేట, అవతల వాళ్ళ పేట. రెండు పేటలవాళ్ళమూ క్రైస్తవులమే. తాతల నాడే బాప్తిస్మం తీసుకున్నాం. మా రెండు పేటల్నీ ఊరు ఒక్కలాగే దూరం పెట్టింది. కానీ మాది ఒక కులం, వాళ్ళది ఇంకో కులం. అందుకని మాకో చర్చి, వాళ్ళకో చర్చి. పాస్టరుగారు ఒక్కరే. పొద్దున్న మాకు ఆరాధన చేసి, మధ్యాహ్నం వంతెన దాటి వాళ్ళకి చేసేవారు. సంస్కారం, అదే రొట్టే ద్రాక్షరసమూ, ఇచ్చే గిన్నెలు కూడా రెండు. ఒక సంచిలో పెట్టుకుని తిరిగేవారు పాపం, ఒకటి ఎర్రగుడ్డలోనూ ఒకటి తెల్లగుడ్డలోనూ చుట్టి, మారిపోకుండా. చిన్నప్పట్నించీ చూస్తున్నాను. ఒక్కనాడూ వింతగా అనిపించలేదు.

మా సంఘాల్లో గుప్పెడు బియ్యం అని ఒక పద్ధతుంది. పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఇంటి ఆడమనిషి ఒక గుప్పెడు తీసి పక్కన ముంతలో వెయ్యాలి. అది దేవుడి గుప్పెడు. ఆదివారం ఆ ముంత చర్చికి తెచ్చి పెద్ద బానలో పోస్తారు. మంచంలో ఉన్నవాళ్ళకీ, దిక్కులేనివాళ్ళకీ, పండగ విందుకీ ఆ బియ్యమే. మా పేట బాన ఇరవై రెండేళ్ళు నా చేతిలో ఉంది. ముంత ఊపి చూసి చెప్పేదాన్ని, ఏ ఇంటి గుప్పెడు పెద్దదో, ఏ ఇంట్లో వేళ్ళ సందుల్లోంచి జారిపోయిందో. నేనున్నంతకాలం ఆ బాన వైపు ఎలక కూడా రాలేదు. గొప్ప చెప్పుకుంటోంది అనుకుంటున్నారా? అవును, గొప్పే. అక్కణ్ణించే మొదలైంది ఇదంతా.

కాలవ అవతల పేటలో ఆ పని దీనమ్మది. నాకంటే పదేళ్ళు చిన్నది. బాగా మాట్లాడుతుంది, బాగా నవ్వుతుంది, ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే పిలవకుండానే వెళ్తుంది. నాకు అలాంటివాళ్ళంటే గిట్టదు.

రెండు బానల్లోని బియ్యానికీ తేడా ఉంది. మా పేటలోకి అప్పటికి చదువులొచ్చేయి. ఇంటికో మాస్టారో, నర్సమ్మో ఉండేవారు. మిల్లులో ఆడించిన బియ్యం తింటున్నాం, తెల్లగా, సన్నగా. వాళ్ళు ఇంకా కోతలకెళ్ళి ధాన్యం తెచ్చుకుని ఇంట్లో దంచుకుని తినేవారు. దంపుడు బియ్యానికి ఎర్రపొర పూర్తిగా పోదు. తెల్లన్నంలో ఒక్క గింజ పడినా కంటికి కనపడుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇది డెబ్బైల చివర్లో మాట. మా అబ్బాయి కూతురు సుగుణ అమలాపురం కాలేజీలో చదివేది. వాళ్ళు ఏడెనిమిదిమంది, అందరూ క్రైస్తవుల పిల్లలే, శనివారం సాయంత్రం కూడి ప్రార్థన చేసుకునేవారు. పాటలు పాడుకుని ఎవరిళ్ళకి వాళ్ళు పోతే ఎవరికీ ఇబ్బంది లేదు. వాళ్ళు అక్కడ ఆగలేదు. మనుషుల్ని సమాధానపరచాలి అన్నారు. అన్యాయం అలాగే ఉంచి సమాధానం అంటే అది సమాధానం కాదు, నోరు నొక్కడం అన్నారు. సైకిళ్ళేసుకుని ఊళ్ళు తిరిగేవారు. కూలి దగ్గర గొడవొస్తే రైతునీ కూలీలనీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించేవారు. ముమ్మిడివరం దగ్గర ఎక్కడో శ్మశానం దారి తగాదా తీర్చేరని మావాడు మురిసిపోతూ చెప్పేడు. నేను వింటూ చింతపండు గింజలు తీస్తున్నాను. ఈ పిల్లకి సైకిలు టైర్లు అరిగిపోతాయే అనుకున్నాను. అంతే అనుకున్నాను.

వాళ్ళలో పెద్దవాడు జీవరత్నం. అవతల పేటవాడే. నెమ్మదస్తుడు. తలొంచుకుని మాట్లాడేవాడు కానీ మాట మాత్రం సూటిగా వచ్చేది.

మా ఊళ్ళో బస్సు దిగేచోట ఒక టీ కొట్టుండేది. లోపల బల్లల దగ్గర ఊరివాళ్ళకి గాజుగ్లాసులు. బయట చూరుకి తగిలించిన సత్తుగ్లాసులు మా రెండు పేటలకి. తాగి, మేమే కడిగి, మళ్ళీ చూరుకి తగిలించాలి. పిల్లలు ఆ గ్లాసుల సంగతి తేలుద్దాం అనుకున్నారు. ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చుని అదే మాట్లాడుకుంటున్నారు. జీవరత్నం అరుగు మీద కాదు, మెట్టు మీద కూర్చున్నాడు. పైకి రమ్మని నేను అనలేదు. అందరికీ కాఫీ ఇచ్చేను. అతను నావైపు తిరిగి అన్నాడు.

"మామ్మగారండీ, రెండు రకాల గ్లాసులెందుకని టీ కొట్టాయన్ని అడగడానికి వెళ్తాం. మీ సంస్కారం గిన్నెలు రెండెందుకని ఆయన మమ్మల్ని అడిగితే ఏం చెప్పమంటారండీ?"

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది. వాళ్ళు వెళ్ళేక గ్లాసులన్నీ కడిగేను. అతను తాగిన గ్లాసు విడిగా బోర్లించేను. సుగుణ గుమ్మంలో నిలబడి చూసింది. వచ్చి ఆ గ్లాసు తీసి మిగతావాటిలో కలిపేసింది. ఏది ఏదో నాకు తెలీకుండా పోయింది. మర్నాడు గ్లాసులన్నీ బూడిదేసి మళ్ళీ తోమేను.

పిల్లల ఆలోచన ఇది. కోతల పండగకి రెండు పేటలకీ కలిపి ఒకే ప్రేమవిందు. నాలుగు వారాలు రెండు పేటల గుప్పెడు బియ్యమూ విడిగా పోగుచేసి, ఆ రోజు ఒకే ఎసట్లో పొయ్యాలి. అందరూ ఒకే బంతిలో తినాలి. మర్నాడు సోమవారం పొద్దున్న రెండు పేటల పెద్దలూ కలిసి టీ కొట్టుకి నడిచి వెళ్ళాలి. ఇంటింటికీ తిరిగి చెప్పడానికి వాళ్ళకి ఆరునెల్లు పట్టింది. మా పెద్దలు మొదట ససేమిరా అన్నారు. తర్వాత ఒక్క మాట మీద ఒప్పుకున్నారు. బియ్యం మా మనిషి చేతిమీదుగా ఉడకాలి. ఆ మనిషి నేను.

వాళ్ళకి నా సంగతి తెలుసు. అందుకే నన్ను పెట్టేరా? పైకి ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు వాళ్ళమీదకి నెడితే నాకు కాస్త తేలికవుతుంది. నెట్టను. చేసింది నేను.

ఆ ఆదివారం ఆరాధన మా చర్చిలో. దీనమ్మ వాళ్ళు మొదటిసారి మా గుమ్మం తొక్కేరు. ప్రభువు బల్ల ముందు రెండు సంచులు పెట్టేరు. వాళ్ళ సంచి మూతి తాటినారతో దీనమ్మ కట్టింది, పువ్వులాగ ఒక ముడి. పాస్టరుగారు రెండు సంచుల మీదా చేతులుంచి ప్రార్థన చేసేరు. మధ్యలో కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా వెనక బెంచీల్లో ఎవరో ఏడుస్తున్నారు. నేను కళ్ళు మూసుకోలేదు. ఆ ముడివైపే చూస్తున్నాను.

ఆరాధనయ్యేక ఆడవాళ్ళంతా చర్చి వెనక కొబ్బరిచెట్ల కింద కూర్చుని కూరగాయలు తరిగేరు. అప్పుడే దీనమ్మ నన్ను ఆటపట్టించింది.

"అక్కయ్యగారండీ, మీ కత్తిపీట చూస్తే గుమ్మడికాయకే దడుపొస్తందండీ. తొక్కులు కూడా పారెయ్యరంట కదా?"

"పచ్చడి చేస్తాను" అన్నాను.

"ఆయ్! మరి గింజలండీ?"

"వేయించుకుంటాం."

"అయితే ఇంక ఆవుకేం పెడతారండీ, ప్రసంగమా?"

రెండు పేటల ఆడవాళ్ళూ పడీపడీ నవ్వేరు. నాకూ నవ్వొచ్చింది. నిజం. పెదవి దాకా వచ్చింది. ఇంకొంచెంసేపు అక్కడే కూర్చుంటే నేను వేరే మనిషినయ్యేదాన్నేమో. ఎసరు మరుగుతోందని పిలిస్తే లేచి వంటపాకలోకి వెళ్ళేను.

సుగుణా జీవరత్నమూ రెండు సంచులూ మోసుకొచ్చి పొయ్యి పక్కన పెట్టేరు. ముందురోజే సుగుణ నాకు చెప్పింది, దంపుడు బియ్యం ముందు కాసేపు నానబెట్టు మామ్మా, అప్పుడు రెండూ సమంగా ఉడుకుతాయి అని. ఆ పిల్ల చెప్పాలా నాకు? పదేళ్ళప్పట్నించీ అన్నం వండుతున్నదాన్ని. "సరే, మీరు అరిటాకులు చూడండి. ఎసట్లో నేను పోస్తాను" అన్నాను. వాళ్ళు వెళ్ళేరు.

ఒక్కదాన్నే ఉన్నాను. మా సంచి విప్పి పోసేను. రెండో సంచి మీద చెయ్యి వేసేను. ముడి విప్పలేదు.

రెండు రకాల బియ్యం ఒక్క ఎసట్లో ఉడకవు, ఒకటి చిమిడిపోతే ఒకటి పలుకుంటుంది, విందు పాడైతే నాకు మాట వస్తుంది. అప్పుడు నాకు నేను చెప్పుకున్నది ఇది. ఎంత బాగా కుదిరిందో చూడండి. వంట తెలిసిన ఏ ఆడదైనా ఒప్పుకునే మాట. కానీ నానబెడితే సరిపోయేది కదా? నానబెట్టడానికి పొద్దుటినించీ టైము ఉంది కదా? వాళ్ళ చేతుల్లోంచి వచ్చిన గింజ నా పిల్లల ఆకుల్లో పడకూడదు, అంతే. కారణం ఇదొక్కటే. దానికి వంటింటి భాష తొడిగేను. చిన్నప్పుడు కాలవలో వాళ్ళు బిందెలు ముంచిన రేవులో మా అమ్మ మమ్మల్ని నీళ్ళు పట్టనిచ్చేది కాదు. ఊరివాళ్ళు మా అమ్మకి దోసిట్లో నీళ్ళు పోసేవారు, పైనించి, ముంత తగలకుండా. ఆ అవమానం నాకు బాగా తెలుసు. తెలిసి కూడా చేసేను. మాకంటే కింద ఒకళ్ళున్నారు అనుకోవడం ఒక్కటే మాకు మిగిలిన పెద్దరికం. దాన్ని ఒక కాలేజీ పిల్ల వచ్చి ఎసట్లో కలిపెయ్యమంటే నా చెయ్యి రాలేదు.

వాళ్ళ సంచిని కొబ్బరిమట్టల మోపు వెనక్కి జరిపేను. తక్కువైన బియ్యం మా బానలోంచి కొలిచి పోసేను. గంజి వార్చి చాప మీద కుమ్మరించేను. మల్లెపూవుల్లా ఉంది అన్నం. ఒక్క ఎర్రగింజ లేదు. అదే నన్ను పట్టిస్తుందని నాకు తట్టనే లేదు. ఇంత లెక్కగల మనిషిని, అది మాత్రం తట్టలేదు.

బంతులు కూర్చున్నాయి. మావాళ్ళొకరు, వాళ్ళొకరు, పిల్లలు సర్ది కూర్చోబెట్టేరు. సుగుణ ఆ రోజు బండారులంక నేతచీర కట్టుకుంది, తెల్లదానికి పచ్చంచు. పులుసు వడ్డిస్తూ గాలిలో తేలుతున్నట్టు తిరుగుతోంది. దాని మొహం అంత వెలుగ్గా ముందెప్పుడూ చూళ్ళేదు. తర్వాతా చూళ్ళేదు.

దీనమ్మ అన్నం కలపబోయి ఆగింది. వేళ్ళతో అటూ ఇటూ విడదీసింది. పక్కామె ఆకులోకి చూసింది. ఎదుటి ఆకులోకి చూసింది. తలెత్తి నన్ను అడిగింది, నెమ్మదిగానే.

"అక్కయ్యగారండీ, మా బియ్యం ఏవండీ?"

బంతి అంతా చేతులాపేసింది. జీవరత్నం వంటపాకలోకి వెళ్ళి సంచితో వచ్చేడు. ముడి విప్పలేదు. పువ్వు పువ్వులాగే ఉంది. తెచ్చి బంతుల మధ్య నేలమీద పెట్టేడు. ఎవరు చేసేరు అని అతను అడగలేదు. అందరూ నావైపు చూస్తున్నారు. నా చేతిలో అన్నం వడ్డించే అబక ఉంది.

నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేనే, అనే మాటకి. నాకు ఆ సమయం ఉంది. ఆ సమయంలో నేను అన్నది ఇది.

"నన్నడుగుతారేంటి? సంచులు మోసుకొచ్చింది పిల్లలు. సుగుణ ఏది పొయ్యమంటే అది పోసేను."

సుగుణ పులుసు గిన్నె కింద పెట్టింది. నావైపు చూసింది. కోపంగా చూసి ఉంటే ఈ పాటికి మర్చిపోయేదాన్ని. జబ్బుపడ్డ మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత దీనమ్మ వైపు తిరిగింది.

"ఆయ్, నేనేనండీ పిన్నిగారూ. దంపుడు బియ్యం వీటితో ఉడకవనుకున్నాను. నాదే తప్పు. క్షమించండి."

"ఉడకవని నీకెవరు చెప్పేరమ్మా?" అంది దీనమ్మ. "రోజూ మా పొయ్యి మీద ఉడుకుతున్నాయి కదా."

ఆ గొంతులో కోపం లేదు. అదే దారుణం. లేచింది. ఆకు మడవలేదు. ఒకళ్ళ వెనక ఒకళ్ళు వాళ్ళంతా లేచేరు. విస్తరి ముందునించి తినకుండా లేవడం అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు. జీవరత్నం సుగుణ దగ్గర ఆగి, "నువ్వా?" అన్నాడు. ఆ పిల్ల తలూపింది. అతను కూడా వంతెన వైపు నడిచేడు.

మా పెద్దాయనొకరు సంచి ఎత్తి, మీ బియ్యం మీరు పట్టుకెళ్ళండమ్మా అన్నారు. దీనమ్మ వెనక్కి తిరిగింది. "దేవుడి దగ్గర పెట్టిందండీ. తిరిగి ఇంటికి పట్టుకెళ్ళం" అంది. అదీ మా పద్ధతే. బల్ల ముందు పెట్టినది వెనక్కి తీసుకోకూడదు. వాళ్ళు ఆ పద్ధతి తప్పలేదు.

సోమవారం టీ కొట్టుకి పేటలు వెళ్ళలేదు. పిల్లలు నలుగురు వెళ్ళేరు. అందులో సుగుణ ఉంది. కొట్టాయనకి అప్పటికే అంతా తెలిసిపోయింది. నవ్వేడట. "ముందు మీ కుండ కలుపుకోండి, తర్వాత నా గ్లాసులు కలుపుదురుగాని" అన్నాడట. సుగుణ ఇంటికొచ్చి ఈ మాట మావాడికి చెప్పింది. నేను వంటింట్లోంచి విన్నాను. సత్తుగ్లాసులు ఆ చూరుకి ఇంకా ఏడేళ్ళు వేలాడేయి. కొట్టు చేతులు మారేక పోయేయి. అది మా గొప్ప కాదు.

మా పెద్దలు పిల్లల్ని ఇంక రావద్దన్నారు. చదువుకున్న పిల్లలు చేసిన నిర్వాకం చూడండి అన్నారు. అవతల పేటలో సుగుణ పేరు చెడ్డపేరైపోయింది. పైకి అన్నీ మాట్లాడి లోపల కులం దాచుకున్న పిల్ల అన్నారు. కాలేజీలో ఆ గుంపు రెండుగా చీలి, తర్వాత లేకుండా పోయింది. ఇప్పటికీ ఎవరైనా రెండు చర్చిలూ కలపాలంటే, అప్పుడు ఆ మాస్టారి కూతురు ఏం చేసిందో మర్చిపోయేరా అంటారు. నా ముందే అంటారు. నేను అక్కడే ఉంటాను. చాప సర్దుతూనో, దీపం తుడుస్తూనో ఉంటాను.

సుగుణ ఎందుకలా ఒప్పుకుంది? చాలాకాలం నాకోసం అనుకున్నాను. ముసలిది, పరువు పోతుందని. అలా అనుకుంటే నాకు బావుండేది. కాదు. ఇరవై రెండేళ్ళు బాన కాసిన పెద్దామె చేసిందంటే అది పేట అంతా చేసినట్టు. వయసు పిల్ల తెలీక చేసిందంటే మన్నించి మళ్ళీ ఆకు ముందు కూర్చుంటారేమో. ఆ క్షణంలో ఆ పిల్ల అది లెక్కేసింది. తన పేరు ఇచ్చి ఆ బంతిని నిలబెడదాం అనుకుంది. నేను నా పేరు నిలబెట్టుకోడానికి ఆ బంతిని లేపేసేను. ఒకే ఇంట్లో, ఒకే అన్నం తిని బతికేం ఇద్దరం.

ఇప్పుడది మన్యంలో పిల్లలకి చదువు చెప్తోంది. ఏడాదికోసారి వస్తుంది. నన్ను ఒక్కమాట అనలేదు. వచ్చినప్పుడు వంట తనే చేస్తుంది. దంపుడు బియ్యం తెచ్చుకుంటుంది, ఒంటికి మంచిదంటుంది. నా ఎదురుగుండా గిన్నెలో నీళ్ళు పోసి నానబెడుతుంది. నావైపు చూడదు. నేను లేచి పెరట్లోకి పోతాను.

ఇంతటితో అయిపోతే ఇది రాయకపోదును. ఇంకొకటుంది. ఇది సుగుణకి కూడా తెలీదు.

ఆ సంచిని ఎవరూ ముట్టుకోలేదు. బియ్యం కాపలా నాది కాబట్టి నేనే తెచ్చి అటకెక్కించేను. మా బానలో కలపలేను. పారెయ్యడానికి చేతులు రావు, బియ్యం కదా. ఆ ఏడే వర్షాకాలం చివర పెద్ద గాలివాన పట్టింది. కాలవ గట్టు తెగి పేటలోకి నీళ్ళొచ్చేయి. మావాడు పిల్లల్ని తీసుకుని బడి మేడమీదకి వెళ్ళేడు. నేను ఇల్లు వదిలి రానన్నాను. దొంగల భయం. ఇంట్లో బియ్యం కుండ మునిగి నానిపోయి, రెండో రోజుకి వాసనొచ్చేసింది. మూడో రోజు మధ్యాహ్నానికి కళ్ళు తిరుగుతున్నాయి. అప్పుడు పైకి చూసేను.

సంచి దింపేను. దీనమ్మ ముడి విప్పలేకపోయేను. కత్తిపీటకి పెట్టి కోసేను. పురుగు పట్టింది. చేటలో చెరిగేను. నానబెట్టేను. అవును, నానబెట్టేను. మంచం మీద ఇటికలు పేర్చి, అటక మీద తడవకుండా ఉన్న కొబ్బరి డొక్కలతో పొయ్యి వెలిగించేను. గిన్నె నిండా ఎర్రగా ఉడికింది. చిమడలేదు, పలుకు లేదు. ఉప్పూ పచ్చిమిరపకాయా నంజుకుని తినడం మొదలెట్టేను.

అన్నంలాగే ఉంది. ఇంకేమనుకున్నాను? ఏ రుచి ఉంటుందనుకున్నాను?

రెండో ముద్ద నోట్లో ఉండగా బయట నీళ్ళ చప్పుడైంది. ఎవరో నడుచుకుంటూ వస్తున్నారు, నడుం లోతులో. గుమ్మం దగ్గర ఆగేరు.

"అక్కయ్యగారండీ! ఉన్నారా? తిన్నారా అండీ?"

దీనమ్మ గొంతు. అంత నీళ్ళలో, తెగిన గట్టు దాటి, నా గుమ్మానికి. ఏదో గిన్నె కూడా తెచ్చినట్టుంది, మూత చప్పుడైంది. తలుపు గడియ వేసి ఉంది. నా ఎదురుగుండా ఎర్రన్నం గిన్నె. తలుపు తీస్తే కనపడుతుంది. ఒక్క చూపులో పోల్చుకుంటుంది. తను దంచిన బియ్యం, తను కొలిచిన బియ్యం.

"తిన్నాను" అన్నాను లోపల్నించి. నోట్లో ముద్దతో.

"ఆయ్, అయితే మంచిదండీ. జాగర్తండీ" అని వెళ్ళిపోయింది. నీళ్ళ చప్పుడు దూరమయ్యేదాకా నమలకుండా కూర్చున్నాను. తర్వాత మింగేను. గిన్నె ఖాళీ చేసేను. మిగిలినవి ఆ తర్వాత రోజుల్లో ఒక్కదాన్నే వండుకు తినేసేను, గింజ మిగలకుండా. రెండు పేటలవాళ్ళూ ఒక్క బంతిలో తినాల్సిన బియ్యం నేను తలుపేసుకుని తిన్నాను.

దీనమ్మ బతికే ఉంది. వంతెన దాటితే నాలుగో ఇల్లు. నా కాళ్ళు ఇంకా ఆడుతున్నాయి. మరి వెళ్ళవేం అని మీరు అంటారు. ఏమో. రాయగలుగుతున్నాను, నడవలేకపోతున్నాను. ఆవిడ మన్నిస్తుందేమోనని భయం కూడా ఉంది. మన్నిస్తే ఆ గొంతుతోనే మన్నిస్తుంది, ఆయ్, మంచిదండీ అని. అది నేను భరించలేను. ఇంక సుగుణ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడతాను?

ఈ కాయితాల అవతలివైపు ఎవరో పిల్లాడు లెక్కలు తప్పు చేసేడు. మావాడు ఎర్రసిరాతో కొట్టేసేడు. ఆ ఎరుపు నా అక్షరాల్లోంచి కనపడుతోంది. కొట్టేసినా అది తప్పని ఆ పిల్లాడికి తెలిసింది కదా. నా తప్పుని ఈ పదకొండేళ్ళూ ఎవరూ అలా కొట్టెయ్యలేదు. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతున్నట్టుంది. ఇంతకంటే ఏమీ అడగను, అడిగే మనిషిని కాదు.

ఆ రోజు గడియ వెనకనించి చెప్పిన జవాబు సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

తిన్నాను దీనమ్మా. నీ బియ్యమే తిన్నాను. ఉడికేయి.